మూడో పేజీ గురించి

ప్రియమైన తమ్ముడూ,

నీ వ్యాసం అంది చాలా రోజులైంది. జవాబు ఆలస్యం చేశాను, ఏమనుకోకు. కశ్మీర్‌లోని పహల్గాంలో పర్యాటకుల మీద దాడి జరిగిన వారంలోపే రాశానన్నావు. అందులో మూడో పేజీ మాత్రం మొదటి రాత్రే, నిద్రపట్టక, ఒక్క ఊపులో రాసేశానన్నావు. అది నువ్వు చెప్పకపోయినా నాకు తెలిసేది.

మొదటి రెండు పేజీలు చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది. మీ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల షాపులో టీవీ ముందు నిలబడ్డ జనం, అందరూ ఉన్నా ఎవరూ మాట్లాడకపోవడం, కశ్మీర్ ట్రిప్పుకి అడ్వాన్సు కట్టిన మీ పిన్ని ఫోన్ పట్టుకుని అలాగే కూర్చుండిపోవడం, కొవ్వొత్తుల ర్యాలీలో నీ పక్కనే నడిచిన కుర్రాడు ఏడుస్తూనే సెల్ఫీ తీసుకోవడం. వీటిలో దేన్నీ నువ్వు వ్యాఖ్యానించలేదు. ఆ కుర్రాణ్ణి తిట్టలేదు, వెనకేసుకునీ రాలేదు. ఏడుపూ నిజమే, సెల్ఫీ కూడా నిజమే. అలా రాయడం చాలామందికి పదేళ్లు రాసినా చేతకాదు.

మూడో పేజీ "ఇదంతా ఎందుకు జరిగిందంటే" అని మొదలైంది. అక్కడి నుంచి నీ గొంతు పోయింది. ఏ ఛానల్లో విన్న మాట ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపించగలను. ఇరవై ఆరుగురి చావుకి, డెబ్భై ఏళ్ల చరిత్రకి, ఒక మతానికి, రెండు ప్రభుత్వాలకి కలిపి ఒక్క పేజీలో తీర్పు చెప్పేశావు. నిన్ను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. నేనూ అలాంటి పేజీ ఒకటి రాశాను, అది అచ్చయింది కూడా.

2007 మే 18, శుక్రవారం. మధ్యాహ్నం నమాజు వేళ హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. తొమ్మిదిమంది చనిపోయారు. ఆ తర్వాత బయట చెలరేగిన గొడవలో పోలీసు కాల్పులకి ఇంకో ఐదుగురు పోయారు. అప్పుడు నేను ఒక పత్రికలో పనిచేస్తున్నాను. సాయంత్రానికల్లా వ్యాసం కావాలన్నారు. సరిహద్దు అవతలి సంస్థ, పాతబస్తీ కుర్రాళ్లు, నిరుద్యోగం, చదువు లేకపోవడం, అన్నీ కలిపి మూడు గంటల్లో ఒక కారణం తయారుచేశాను. చాలా బావుందన్నారు. అందరూ అప్పటికే అనుకుంటున్నదాన్నే రాశాను కాబట్టి బావుంది.

ఆ తర్వాత జరిగింది విను. పదులకొద్దీ ముస్లిం యువకుల్ని తీసుకెళ్లారు. చాలామంది మీద పెట్టినవి పేలుడు కేసు కూడా కాదు, వేరే కుట్ర కేసులు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ ఒక న్యాయవాదిని విచారణకు వేస్తే, కస్టడీలో చిత్రహింసలు పెట్టారని ఆయన నివేదిక ఇచ్చారు. ఆ కేసులు కోర్టులో నిలబడలేదు. ప్రభుత్వం 20 మందికి తలా 3 లక్షలు, 50 మందికి తలా 20 వేలు పరిహారం ప్రకటించింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కూడా కొట్టేసింది. ఈలోగా దర్యాప్తు సీబీఐ చేతికి, అక్కడి నుంచి ఎన్‌ఐఏ చేతికి వెళ్లింది. ఈసారి అభియోగాలు హిందుత్వ తీవ్రవాద ముఠా మీద, స్వామి అసీమానందతో సహా. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు ఆధారాలు చాలవని, విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులుగా వదిలేసింది. మసీదులో చనిపోయిన ఆ తొమ్మిదిమందిని చంపింది ఎవరన్నదానికి ఆ తీర్పులో జవాబు లేదు.

మసీదు పేలుడు జరిగిన 2007లోనే ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో, కోఠీ గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలి నలభై మందికి పైగా పోయారు. ఆ కేసులో 2018 సెప్టెంబరులో ఉగ్రవాద సంస్థ ఇండియన్ ముజాహిదీన్‌కి చెందిన ఇద్దరికి ఉరిశిక్ష, వాళ్లకి ఆశ్రయమిచ్చిన ఒకడికి యావజ్జీవం పడ్డాయి. చూడు, ఒకటే ఊరు, ఒకటే ఏడాది, మధ్యలో మూడు నెలలు. నేను మేలో రాసిన కారణం ఆగస్టు పేలుళ్లకైతే కొంతవరకు సరిపోయేదేమో. సరిపోయినా అది నా గొప్ప కాదు, గుడ్డిగా విసిరిన రాయి తగలడమే. అనుమానం ప్రతిసారీ తప్పవుతుందని నీకు చెప్పను, అది అబద్ధం. ఒక దాడికి తీసిన కొలత ఇంకోదానికి పనికిరాదు, ప్రతిదాన్నీ మొదటి నుంచి కొలవాలి అంటున్నాను.

కొన్నేళ్ల తర్వాత, అలా పట్టుకెళ్లి వదిలేసిన ఒక కుర్రాడి ఇంటికి వెళ్లాను. నిర్దోషి అని కోర్టు ఇచ్చిన కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా జేబులోనే ఉంచుకుంటున్నాడు. ఇల్లు అద్దెకి అడిగినా, పని అడిగినా ముందు అదే తీసి చూపిస్తానన్నాడు. వాళ్లమ్మ నాకు టీ ఇచ్చింది. ఆ సాయంత్రం వ్యాసం రాసినవాణ్ణి నేనేనని చెప్పాలని వెళ్లాను. చెప్పలేకపోయాను. నాకది ఇప్పటికీ బాధే.

ఇది మన దగ్గరే అనుకోకు. 2011 జులై 22న నార్వే రాజధాని ఓస్లోలో బాంబు పేలి 8 మంది, ఆ వెంటనే ఊటోయా దీవిలో జరిగిన కాల్పుల్లో 69 మంది చనిపోయారు. దీవిలో పోయినవాళ్లలో ఎక్కువమంది ఒక పార్టీ యువజన శిబిరానికి వచ్చిన పిల్లలు. మొదటి గంటల్లో దేశదేశాల నిపుణులు టీవీల్లో ఇస్లామిక్ ఉగ్రవాదం అన్నారు. పట్టుబడినవాడు నార్వేవాడే, ముస్లింల మీద, వలసల మీద ద్వేషంతో 1,500 పేజీలు రాసిపెట్టుకున్నవాడు. అప్పుడు చర్చ ఎటు తిరిగిందో గమనించు. వాడికి పిచ్చా, కాదా? ఒక మానసిక వైద్యుల బృందం పిచ్చి అంది, ఇంకో బృందం కాదంది. తెలిసే చేశాడని చివరికి కోర్టు తేల్చింది. బయటివాడు చేస్తే వాళ్ల మతమే అంత అంటాం, మనవాడు చేస్తే పిచ్చోడు అంటాం. రెండూ కారణాలు కావు. మనల్ని మనం కాపాడుకోవడానికి చెప్పుకునే మాటలు. నీ మూడో పేజీలో మొదటి మాట ఉంది. రేపు నువ్వు ఇంకో దాడి గురించి రాస్తే రెండో మాట రాకుండా చూసుకో.

నార్వేలో ఇంకో పని కూడా జరిగింది. పోలీసులు దీవికి చేరడానికి అంత ఆలస్యం ఎందుకైంది, ముందే ఆపే వీలుందా అని ఒక కమిషన్ వేశారు. ఏడాదికల్లా అది తప్పుల్ని విప్పి చెప్పింది. "ఎందుకు" అన్న ప్రశ్నలో ఇది కూడా ఉంది. హంతకుడి బుర్రలో ఏముందన్నది ఒకటి. తుపాకీ ఎక్కడిది, దారి ఎవరు చూపించారు, అన్నం ఎవరు పెట్టారన్నది ఇంకొకటి. పహల్గాం దాడి జరిగిన, అంతమంది పర్యాటకులు తిరిగే బైసరన్ మైదానంలో కాపలా ఎందుకు లేదన్నది మరొకటి. నువ్వు అన్నిటినీ ఒకే మూటలో కట్టి ఒకే వీపు మీద పెట్టావు. విడదీసి చూడు. కొన్నిటికి జవాబు మూడు నెలల్లో వస్తుంది, కొన్నిటికి పదకొండేళ్లు పడుతుంది. రాసేవాడు అంతకాలమూ ఆ విషయాన్ని వదలకూడదు. నేను మే 18న రాసినంత ఉత్సాహంగా 2018 ఏప్రిల్ 16న రాయలేదు. అసలు రాయనే లేదు. మొదటి తప్పు కంటే నాకు అదే పెద్దదనిపిస్తుంది.

కారణం వెతికితే హంతకుల్ని సమర్థించినట్టు అవుతుందని కొందరు నిన్ను భయపెడతారు. పట్టించుకోకు. జ్వరం ఎందుకొచ్చిందని అడిగే డాక్టరు జ్వరం పక్షం కాదు. అయితే ఒకటి, చనిపోయినవాళ్ల ఇంట్లో ఇంకా ఏడుపు ఆగకముందే నీ సిద్ధాంతం వాళ్ల గుమ్మంలో పెట్టకు. పేర్లు, వయసులు, ఇంటికి తిరిగొస్తామని చెప్పిన తేదీలు, ముందు అవి రావాలి.

జనం స్పందన గురించి మాత్రం నువ్వు ఆగనక్కర్లేదు. అది నీ కళ్లముందు జరుగుతోంది, దానికి కూడా ఫలితాలున్నాయి. దాడి మరునాడు కశ్మీర్ లోయ మొత్తం బంద్ పాటించింది, అక్కడి పత్రికలు మొదటి పేజీని నల్లగా అచ్చేశాయి. పర్యాటకులతో పాటు ఒక స్థానిక గుర్రాలవాడు కూడా ఆ తూటాలకే పోయాడు. అదే రోజుల్లో ఉత్తరాదిలో చదువుకుంటున్న కశ్మీరీ పిల్లల్ని హాస్టళ్లు ఖాళీ చేసి పొమ్మన్నారు. పెళ్లయిన వారానికే భర్తను పోగొట్టుకున్న అమ్మాయి, ముస్లింల మీద, కశ్మీరీల మీద పడకండి, న్యాయం జరగాలి అంది. ఆమెను తిట్టిన తిట్లు చదివి నాకు సిగ్గేసింది. మే నెలలో విశాఖలో, శంషాబాద్‌లో కరాచీ బేకరీ మీదకి వెళ్లి పేరు మార్చమన్నారు. దేశ విభజనప్పుడు కరాచీ నుంచి సర్వం వదులుకుని వచ్చిన సింధీ హిందువు ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో హైదరాబాద్‌లో పెట్టిన బేకరీ అది. పోగొట్టుకున్న ఊరి పేరు బోర్డు మీద రాసుకున్నాడు. నువ్వు రాయాల్సింది ఇలాంటివి. ఎవరికి కోపం వచ్చింది, అది ఎవరి మీదకి మళ్లింది, మధ్యలో ఎవరు మళ్లించారు.

అందుకని మూడో పేజీ పక్కన పెట్టు. చించెయ్యకు, తేదీ వేసి దాచుకో. రెండేళ్ల తర్వాత తీసి చదివితే ఆ రాత్రి నీలో ఎంత భయం ఉందో తెలుస్తుంది.

దాని బదులు రెండో పేజీ చివర్లో నువ్వు దాటేసిన ఒక వాక్యం దగ్గరికి వెళ్లు. "మా వీధి చివర సాయిబుగారి టీ కొట్టు మూడు రోజులు మూసే ఉంది" అని రాసి, వెంటనే ర్యాలీలోకి వెళ్లిపోయావు. ఆయన ఎందుకు మూశాడు? దుఃఖంతోనా, భయంతోనా? ఎవరైనా వచ్చి చెప్పారా? నాలుగో రోజు తెరిచినప్పుడు మొదట ఎవరు వచ్చి టీ అడిగారు? వెళ్లి కూర్చో. జనం తగ్గాక, సాయంత్రం ఏడు దాటాక వెళ్తే మాట్లాడే తీరిక ఉంటుంది. ఫోన్ బయటికి తీయకు. ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాసి, నాకు పంపేముందు ఒకసారి ఆయనకి చదివి వినిపించు.

మీ పిన్నిని అడిగానని చెప్పు.

ప్రేమతో,
మీ అన్నయ్య