కొబ్బరి చిప్పల బొగ్గు మీద రంగు ఎంత అంటుకుందో ఏ రోజు కొలిచినా ఒకేలా రావాలంటే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది: విశాఖలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు, కొబ్బరి చిప్పల బొగ్గు మీద మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు అధిశోషణం, అంటే ఉపరితలానికి అంటుకోవడం. ఒక రోజు వచ్చిన విలువ మరో రోజు రావడం లేదు. బీఈటీ (వాయువుతో ఉపరితల వైశాల్యం కొలిచే పరీక్ష) చేయించాలా, లేక క్వార్ట్జ్ క్రిస్టల్ మైక్రోబ్యాలెన్స్‌కి (కంపించే స్ఫటికంతో అతి చిన్న బరువులు తూచే పరికరానికి) వెళ్లాలా? నా పీహెచ్‌డీ ఇదే ఊళ్లో, దాదాపు ఇదే పని మీద. పరికరం మార్చకండి. ముందు బొగ్గునీ, బ్లాంకునీ (బొగ్గు వేయకుండా పోలిక కోసం పెట్టే ఫ్లాస్కును) సరిచూడండి.

మీరు చెప్పిన పద్ధతుల్లో ఏదీ ఉపరితలానికి అంటుకున్న అణువుల్ని నేరుగా లెక్కపెట్టదు. రంగు కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్, కాంతిని ఎంత పీల్చుకుందో చూసి, ద్రావణంలో మిగిలిన రంగును చూపిస్తుంది. బీఈటీ యంత్రం వాయువు పీడనం ఎంత తగ్గిందో చూస్తుంది. మైక్రోబ్యాలెన్స్ క్రిస్టల్ కంపన పౌనఃపున్యం ఎంత పడిపోయిందో చూస్తుంది. తగ్గినదంతా మన నమూనా మీదికే చేరిందని మనం అనుకుంటాం. తేడాలన్నీ అక్కడే మొదలవుతాయి.

మన ఊరి గాలి సంగతి తెలిసిందే. బీచ్ వైపు ఇళ్లలో కిటికీ ఊచలు ఎంత త్వరగా తుప్పు పడతాయో చూస్తూనే ఉంటాం. ఆ తేమే మీ బొగ్గు రంధ్రాల్లోకీ వెళ్తుంది. మీరు 100 మిల్లీగ్రాములు తూచారు, అందులో తేమ 15 శాతం ఉందనుకోండి. నిజానికి వేసిన బొగ్గు 85 మిల్లీగ్రాములే. ఎండాకాలం తూకానికీ వానాకాలం తూకానికీ పొంతన ఎలా కుదురుతుంది? నమూనాను 105 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ చేరనివ్వని మూత పాత్రలో) చల్లార్చి, బయటికి తీసిన వెంటనే తూచాలి. మా ల్యాబులో వర్షాకాలంలో మూత తీసిన సీసాను బల్ల మీద ఉంచనిచ్చేవాళ్లు కాదు. అప్పట్లో అది చాదస్తం అనిపించేది కానీ, ఇప్పుడు నేనూ విద్యార్థులకు అదే చెబుతున్నాను.

తర్వాత బూడిద. కొబ్బరి చిప్పలో పొటాషియం ఉంటుంది, కాల్చాక అది బూడిదలో మిగులుతుంది, అందుకే కడగని బొగ్గు నీటిని క్షారంగా మారుస్తుంది. మిథిలీన్ బ్లూ ధనావేశం ఉన్న రంగు. పీహెచ్ పెరిగి బొగ్గు ఉపరితలం రుణావేశానికి మారితే రంగు ఎక్కువగా పట్టుకుంటుంది. కాబట్టి కడిగిన నీరు తటస్థంగా వచ్చేదాకా కడగండి. ప్రయోగం మొదట్లోనే కాదు, చివర్లోనూ పీహెచ్ రాసుకోండి.

ఇక బ్లాంకు. మిథిలీన్ బ్లూ గాజుకూ అంటుకుంటుంది, ఫిల్టర్ పేపర్‌కు ఇంకా బాగా అంటుకుంటుంది. బొగ్గు వేయని ఫ్లాస్కును కూడా మిగతా వాటితోపాటే షేకర్‌లో పెట్టండి. అందులోనూ రంగు తగ్గితే ఆ మేరకు లెక్క సరిచేయాలి. వడకట్టడం మానేసి సెంట్రిఫ్యూజ్ చేయండి. సన్నటి బొగ్గు నలుసులు మిగిలిపోతే కాంతిని చెదరగొట్టి, రంగు ఎక్కువ మిగిలినట్టు చూపిస్తాయి. 664 నానోమీటర్ల దగ్గర రీడింగు (అబ్జార్బెన్స్) 1 దాటితే పలుచన చేసి మళ్లీ తీయండి. గాఢత పెరిగితే ఈ రంగు అణువులు జతకడతాయి, తెలిసిన గాఢతలతో గీసుకున్న క్యాలిబ్రేషన్ గీత వంగిపోతుంది.

బీఈటీ చేయించండి, మంచిదే. అయితే అది వేరే ప్రశ్నకు జవాబిస్తుంది. అమోనియా తయారీలో వాడే ఇనుప ఉత్ప్రేరకాల అసలు ఉపరితలం ఎంత అన్న ఆరా నుంచి పుట్టిన పద్ధతి అది. బ్రునావర్, ఎమ్మెట్, టెల్లర్ 1938లో ఆ సిద్ధాంతాన్ని ప్రచురించారు. మైనస్ 196 డిగ్రీల దగ్గర నైట్రోజన్‌ను కొద్దికొద్దిగా వదులుతూ, ఒక్క పొర కప్పడానికి ఎంత పట్టిందో లెక్కగడతారు. ఒక్కో నైట్రోజన్ అణువు 0.162 చదరపు నానోమీటర్లు కప్పుతుందని తీసుకుంటే, ప్రామాణిక పరిస్థితుల్లో 1 ఘన సెంటీమీటరు వాయువు సుమారు 4.35 చదరపు మీటర్లకు సరిపోతుంది. మీ బొగ్గు గ్రాముకు 200 ఘన సెంటీమీటర్లు తీసుకుంటే 870 చదరపు మీటర్లన్నమాట. కానీ నైట్రోజన్ దూరే సన్న రంధ్రాలన్నిట్లోకీ మిథిలీన్ బ్లూ దూరలేదు. బీఈటీ విలువ పెద్దదైనా రంగు తక్కువ పట్టిందంటే కంగారు పడొద్దు. రిపోర్టులో డీగ్యాసింగ్ (కొలిచే ముందు వేడిచేసి రంధ్రాల్లోని తేమను, వాయువుల్ని తీసేయడం) ఉష్ణోగ్రత, సమయం తప్పకుండా అడిగి తీసుకోండి. రంధ్రాల్లో నీళ్లు మిగిలి ఉంటే ఆ అంకెకు అర్థం లేదు.

మైక్రోబ్యాలెన్స్ మీ బొగ్గు పొడికి నప్పదు. బంగారు పూత వేసిన నున్నటి క్రిస్టల్ మీద పలుచటి పొరలకు అది అద్భుతమైన పరికరం. సావర్‌బ్రే 1959లో ఇచ్చిన సూత్రం ప్రకారం, 5 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ మీద 1 హెర్ట్జ్ తగ్గుదలకు చదరపు సెంటీమీటరుకు 17.7 నానోగ్రాములు చేరినట్టు. కానీ అదే క్రిస్టల్ ఒక వైపు నీరు తగిలితేనే సుమారు 700 హెర్ట్జ్ పడిపోతుంది. గది ఏసీ ఆగి ఆన్ అయినా గీత కదులుతుంది. ప్రోటీన్ లాంటి మెత్తటి పొరల్లో చిక్కుకున్న నీటి బరువు కూడా అందులో కలిసిపోతుంది.

చివరగా, గ్రాఫుల గురించి గట్టిగా చెప్పాలి. ఉపరితలమంతా ఒకేలా ఉందని, ఒక్క పొరే అంటుకుంటుందని భావించే ల్యాంగ్‌మ్యూర్ సమీకరణానికి పాయింట్లు బాగా కుదిరినంత మాత్రాన ఉపరితలమంతా ఒకేలా ఉందని రుజువు కాదు. అంటుకునే వేగాన్ని వర్ణించే సూడో సెకండ్ ఆర్డర్ సమీకరణం కుదిరిందని "రసాయన బంధం ఏర్పడింది" అని రాయకండి. ఎన్నో పేపర్లలో ఆ వాక్యం కనిపిస్తుంది, వైవాలో అది నిలబడదు. సరళరేఖగా మార్చకుండా అసలు వక్రానికే ఫిట్ చేయండి. ప్రతి పాయింటుకూ మూడు ఫ్లాస్కులు పెట్టి, వాటి మధ్య తేడాను గ్రాఫులో చూపించండి.