ఓడెక్కి వెళ్లిన పెద్దల ఆచూకీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ముత్తాత తమ్ముడు అప్పలస్వామి 1900 ప్రాంతంలో ఒప్పంద కూలీగా నేటాల్ (ఇప్పటి దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న ప్రాంతం) వెళ్లి తిరిగి రాలేదని మా ఇంట్లో చెబుతారు. మాది అప్పటి విశాఖపట్నం జిల్లా. నేటాల్ ఓడల జాబితాలో మా ఇంటిపేరు కొట్టి చూస్తే ఒక్కరూ కనబడలేదు. ఆయన అసలు వెళ్లలేదనుకోవాలా? (అనకాపల్లి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తొందరపడకండి. ఆ జాబితాల్లో ఇంటిపేరుకు గడి లేదు. మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, థాణా (పోలీసు స్టేషను పరిధి), ఊరు, ఒంటి మీద గుర్తులు, పనికి కుదిరిన యజమాని, అందులో ఉండేవి ఇవీ. ఇంటిపేరు కొట్టినంతకాలం ఎవరూ దొరకరు. మీకు కావలసింది ముందుగా ఆయన తండ్రి పేరు, ఊరి పేరు. తండ్రి పేరు తెలియకపోతే ఇంట్లో పాత దస్తావేజు తీయండి. మీ ముత్తాత పేరు పక్కన ఫలానావారి కుమారుడని రాసి ఉంటుంది. అన్నదమ్ములు కాబట్టి తండ్రి ఒక్కరే.

నేటాల్‌కు తొలి ఓడ ‘ట్రూరో’ మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఈ కూలీల తరలింపు ఆగేసరికి 1,52,184 మంది వెళ్లారు. దిగిన ప్రతి మనిషికీ, చంటిబిడ్డకు సైతం, ఒక నంబరు ఇచ్చారు. దాన్ని కలోనియల్ నంబర్ అంటారు. వచ్చిన వరసలోనే ఇస్తూ పోయారు కాబట్టి నంబరు చూస్తే ఏ కాలంలో దిగాడో అంచనా కట్టవచ్చు. పేరు పది రకాలుగా మారినా ఈ నంబరు మారదు. పెళ్లి, బిడ్డ పుట్టుక, చావు, తిరుగు ప్రయాణం అన్నీ దాని కిందే రాశారు. వెతుకులాట అంతా ఆ నంబరు పట్టుకోవడం కోసమే.

పేరు ఎలా వెతకాలి? గుమాస్తా విన్నది విన్నట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. అప్పలస్వామికి ‘పి’ ఒకటి పెట్టినవాడున్నాడు, రెండు పెట్టినవాడున్నాడు. ‘స్వామి’ చాలాచోట్ల ‘సామి’ అయింది. చివర ‘వై’ ఉండవచ్చు, ‘ఐ’ ఉండవచ్చు. రాములు లాంటి పేర్ల చివర ‘యు’ బదులు రెండు ‘ఓ’లు వస్తాయి. ‘య్య’తో ముగిసే పేర్లకు ‘ఐఏహెచ్’ రావచ్చు, ఒట్టి ‘ఐఏ’ రావచ్చు. ఎర్రయ్య, ఎల్లమ్మ లాంటివి ‘ఇ’ కింద కాక ‘వై’ కింద దొరకవచ్చు. అందుకే పూర్తి పేరు కొట్టకుండా మొదటి మూడు నాలుగు అక్షరాలతో వెతకండి. ఆ తర్వాత జిల్లాతో వడపోయండి.

అప్పలస్వామి అనే పేరు మీ ప్రాంతంలో వీధికి ఇద్దరికి ఉంటుంది కనుక చాలామంది తేలతారు. తండ్రి పేరు, ఊరు రెండూ కలిసినవాళ్లనే ఉంచండి. వయసు దగ్గర పట్టు సడలించండి. అది చూపు మీద వేసిన అంచనా, అయిదేళ్లు అటూ ఇటూ మామూలే. చాలామంది వదిలేసే పని ఇంకొకటుంది. దొరికిన నంబరుకు పైన పది, కింద పది నంబర్లు కూడా చదవండి. కలిసి పేరు రాయించుకున్నవాళ్లకు పక్కపక్క నంబర్లే పడేవి. భార్యో, తమ్ముడో, అదే ఊరివాడో ఆ వరసలో ఉంటే మీ మనిషి అతనేనని చాలావరకు తేలినట్టే.

కులం గడిని మాత్రం గుడ్డిగా నమ్మకండి. ఓడెక్కేముందు ఉంచిన డిపోలో చెప్పింది ఒకటి, గుమాస్తా విన్నది ఒకటి, కొందరు కావాలనే మార్చి చెప్పింది ఇంకొకటి.

నంబరు దొరికాక దక్షిణాఫ్రికా జాతీయ ఆర్కైవ్స్ వారి ఆన్‌లైన్ సూచిక ‘నార్స్’లో పేరుతో ఒకసారి, నంబరుతో ఒకసారి వెతకండి. నేటాల్ కాగితాలు ఉన్న పీటర్‌మారిట్జ్‌బర్గ్ భాండాగారానికి అక్కడ ‘ఎన్‌ఏబీ’ అని గుర్తు. ‘ఐఐ’ అంటే ఇండియన్ ఇమిగ్రేషన్ శాఖ ఫైళ్లు: అర్జీలు, యజమాని మీద ఫిర్యాదులు, పారిపోయినవాళ్ల గొడవలు. ‘ఎంఎస్‌సీఈ’ అంటే చనిపోయినవారి ఆస్తి ఫైళ్లు. ఆస్తి ఫైలు దొరికితే దానిలోని మరణ ప్రకటన ముందు చదవండి. తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, భార్య, పిల్లలు వరసగా ఉంటారు. అది కొడుకో అల్లుడో నింపిన కాగితం. పిల్లల పేర్లు నమ్మవచ్చు గానీ ఇండియాలోని తాతల పేర్లు తప్పుపడటం ఎక్కువ. సూచికలో ఫైలు వివరం మాత్రమే కనిపిస్తుంది, కాగితం కోసం విడిగా అడగాలి. ఆస్తి లేనివాళ్లకు ఈ ఫైలు ఉండదు కాబట్టి, ఫైలు లేనంత మాత్రాన ఆయన అక్కడ లేడని కాదు.

తిరిగి రాలేదన్న మాటనూ ఒకసారి అనుమానించండి. అయిదేళ్ల ఒప్పందం, పదేళ్లు నిండితే ఉచిత తిరుగు ప్రయాణం అన్నది మొదట్లో పద్ధతి. 1895 చట్టం తర్వాత వెళ్లి, ఒప్పందం ముగిశాక అక్కడే ఉండిపోతే ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలి. అది 1914లో రద్దయింది. ఆ భారానికి తలొగ్గి ఓడెక్కినవాళ్లు తక్కువ కాదు. వాళ్లలో మద్రాసులో దిగి సొంత ఊరు చేరనివాళ్లూ ఉన్నారు.

ప్రశ్న: డర్బన్ నుంచి ఒక కుటుంబం మా ఊళ్లోకి వచ్చి తమ పెద్దాయన కాగితం చూపించింది. జిల్లా విశాఖపట్నం అని ఉంది. ఊరి పేరు ఎంత చదివినా తెలుగు పేరులా లేదు. వాళ్లకు ఏం చెప్పాలి? (విజయనగరం నుంచి)

జవాబు: పేరును కళ్లతో కాక నోటితో చదవండి. ఇంగ్లీషు ముక్కను నెమ్మదిగా పలుకుతూ, ఆ ప్రాంతపు యాస తెలిసిన పెద్దవాళ్లకు వినిపించండి. వలస, పేట, పాలెం, అగ్రహారం లాంటి తోక ముక్కలు తరచు ఎగిరిపోతాయి లేదా అతుక్కుని ఒకే మాటవుతాయి. తర్వాత థాణా గడి చూడండి. థాణా దొరికితే వెతకాల్సిన ఊళ్లు వేలల్లోంచి వందల్లోకి దిగుతాయి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో తాలూకాల వారీగా అచ్చయిన గ్రామాల జాబితాలతో పోల్చుకోవచ్చు.

జిల్లా మాటకొస్తే, అప్పటి విశాఖపట్నం ఇప్పటి విశాఖపట్నం ఒకటి కాదు. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో, అనకాపల్లి 2022లో ఏర్పడ్డాయి. గంజాం అని ఉంటే ఒడిశా అని వదిలేయకండి. 1936 వరకు ఆ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, శ్రీకాకుళం వైపు ఊళ్లు కొన్ని అందులోవే. చిత్తూరు వైపు వాళ్లను ఉత్తర ఆర్కాటు కింద వెతకాలి, ఎందుకంటే చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. ఒకే పేరుతో మూడు ఊళ్లు తేలితే మూడింటినీ రాసుకోండి. దగ్గర్లో ఉంది కదా అని ఒకదాన్ని ఖాయం చేసి, ఎవరి ఇంటికో వాళ్లను తీసుకెళ్లి చుట్టరికం కలపడం వాళ్లకు మేలు కాదు.

ప్రశ్న: వెళ్లినాయన వాటా భూమి ఏమైందో రెవెన్యూ రికార్డుల్లో తెలుస్తుందా? తహసీల్దారు ఆఫీసులో ఆర్‌ఎస్‌ఆర్ (పాత భూమి సెటిల్‌మెంట్ రిజిస్టరు) లేదంటున్నారు. (చోడవరం నుంచి)

జవాబు: నిజంగా లేకపోవచ్చు. ఆర్‌ఎస్‌ఆర్ రైత్వారీ ఊళ్లకు, అంటే రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టిన ఊళ్లకు ఉంటుంది. మీ వైపు చాలా ఊళ్లు జమీందారీల కింద ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే వాటిని సర్వే చేసి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అంటే ఎస్‌ఎఫ్‌ఏ, తయారుచేశారు. దాన్ని అడగండి. అందులో ఆయన పేరు ఉండదు, అన్నదమ్ముల పిల్లల పేర్లుంటాయి. అంతకుముందటి సంగతికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నయం. మొదటి ఇండెక్స్ మనుషుల పేర్లది, రెండోది ఆస్తులది. ఆయన వెళ్లిన ఏడాదికి ఇటూ అటూ పదేళ్లు మొదటి ఇండెక్స్‌లో ఇక్కడ మిగిలిన అన్నదమ్ముల పేర్లు చూడండి. పోయినవాడి వాటా తాకట్టు పెట్టారా, అమ్మారా అన్నది అక్కడ బయటపడొచ్చు. ఇనాం భూమి అయితే 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టరు వంశవృక్షం లాంటిదే, దాన్ని వదలకండి.

ప్రశ్న: మా వాళ్లు ఫిజీ వెళ్లారు. అక్కడికీ ఇదే పద్ధతా?

జవాబు: ఇంకా సులువు. ఫిజీకి వెళ్లిన 60,965 మందికీ ఎమిగ్రేషన్ పాస్ అని తలకొక కాగితం ఉండేది. అవి సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. తండ్రి పేరు, ఊరు, పుట్టుమచ్చలతో పాటు దగ్గరి బంధువు పేరుకు ప్రత్యేకంగా ఒక గడి ఉంది. ఇక్కడ మిగిలిపోయిన అన్న పేరో, భార్య పేరో అందులో కనబడితే మీ ఇల్లు ఖాయమైనట్టే. మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు 1903లో మొదలయ్యాయి. మీ ఇంట్లో చెప్పే ఏడాది అంతకుముందుదైతే ఏడాదైనా తప్పు, లేదా ఆయన కలకత్తా వెళ్లి ఓడెక్కాడు.

ప్రశ్న: నేటాల్‌లో నాయుడు అనే ఇంటిపేరుతో ఉన్నవాళ్లంతా మా బంధువులేనా?

జవాబు: కాదు. పేరు చివర ఉన్న బిరుదును అక్కడి గుమాస్తాలు ఇంటిపేరు చేశారు. సంబంధం లేని కుటుంబాలకూ అదే స్థిరపడింది, తమిళుల్లోనూ ఉంది. కొన్ని ఇళ్లలో తాత సొంత పేరే మనవల ఇంటిపేరైంది. మీరు వెతికే పెద్దాయన పేరే ఇంటిపేరుగా ఎదురైతే, నాయుళ్ల జాబితా కన్నా మీకు అదే పనికొస్తుంది. వాళ్ల దగ్గర పాత కలోనియల్ నంబరు ఉందేమో అడగండి.