ఎపిడ్యూరల్ లేకుండా మొదటి కాన్పు: గాజువాక నుంచి అడిగిన ప్రశ్నకు నా జవాబు

మీకిది ఎనిమిదో నెల, మొదటి కాన్పు. చూపించుకుంటున్న ఆసుపత్రిలో ఎపిడ్యూరల్, అంటే కాన్పు నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు, ఇవ్వరని ఈమధ్యే చెప్పారు. భరించగలనా, మా ఆయన్ని లోపలికి రానిస్తారా, ఈ భయమంతా ఎందుకు ముందే ఆపరేషన్ అడిగేద్దామా అని మీ ప్రశ్న.

భరించగలరు. నేను ఇక్కడే, విశాఖలోనే, వెన్నులో ఏ మందూ లేకుండా మొదటి బిడ్డను కన్నాను. నొప్పి మామూలుగా ఉంటుందని చెప్పను. అంత నొప్పి అంతకుముందూ ఎరగను, ఆ తర్వాతా ఎరగను. అయితే దాన్ని నా ఓర్పుతోనే దాటానని ఎవరైనా అంటే ఒప్పుకోను. పక్కన వదలకుండా కూర్చున్న మా పిన్ని, మంచానికి కట్టేయకుండా తిరగనిచ్చిన సిస్టర్లు, ఎంతవరకూ వచ్చిందో ఎప్పటికప్పుడు చెప్పిన డాక్టరమ్మ, వీళ్ళంతా కలిస్తే అయిన పని అది. మందు ఉండదని తెలిసినప్పుడు దాని చోట ఏం ఉండబోతోందో ముందే తేల్చుకోవాలి. మీకింకా వారాలున్నాయి కాబట్టి నా అనుభవం కాస్త వివరంగానే చెప్తాను.

మా ఆసుపత్రి చిన్నది. మత్తు డాక్టరు గారు ఆపరేషన్ ఉన్నప్పుడు పిలిస్తే వచ్చేవారు. ఎపిడ్యూరల్ అంటే ఒక ఇంజెక్షన్ చేసి వెళ్ళిపోయే పని కాదు. నడుం దగ్గర వెన్నుపూసల మధ్య నుంచి సన్నటి గొట్టం పెట్టి, కాన్పు అయ్యేదాకా మందు పంపుతూ, తల్లి బీపీ, బిడ్డ గుండె చప్పుడు చూసుకుంటూ ఉండాలి. రాత్రీ పగలూ అందుబాటులో మత్తు డాక్టరు లేనిచోట అది కుదరదు. మా డాక్టరమ్మ ఈ సంగతి ఏడో నెలలోనే విప్పి చెప్పారు, కావాలంటే పెద్దాసుపత్రికి మారమని కూడా అన్నారు. నేను అక్కడే ఉంటానన్నాను, ఆవిడ మీద నాకున్న నమ్మకం కొద్దీ. మీకు మందు కావాలనే గట్టిగా ఉంటే ఇప్పుడే మారండి, అందులో తప్పేమీ లేదు. నొప్పులు మొదలయ్యాక మారడం మాత్రం చాలా కష్టం.

ఇక నొప్పి సంగతి. నేను ఊహించుకున్నది ఆగకుండా గంటల తరబడి ఉండే నొప్పి. నిజానికి అది వస్తుంది, పెరుగుతుంది, ఒక నిమిషం అటూ ఇటూలో తగ్గిపోతుంది. మధ్యలో ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో నేను మాట్లాడాను, మంచినీళ్ళు తాగాను, రెండు మూడుసార్లు కునుకు కూడా తీశాను. నాకు ఎక్కువగా నడుంలో మొదలయ్యేది. తడిబట్టని పిండినట్టు నడుం చుట్టూ మెలిపెట్టుకుంటూ ముందుకొచ్చి పొత్తికడుపులోకి దిగేది. మొదట్లో అవి దొంగనొప్పులేమో అనుకున్నాం. నడిస్తే తగ్గిపోతే దొంగనొప్పులు. నాకు మేడమీద అటూ ఇటూ తిరుగుతుంటే ఇంకా దగ్గరదగ్గరగా వచ్చాయి.

ఆ రాత్రంతా ఇంట్లోనే గడిపాను. నా మాట వింటే మీరూ డాక్టరుతో మాట్లాడి అంతా సవ్యంగా ఉన్నంతసేపూ ఇంట్లోనే ఉండండి. వేడినీళ్ళు నడుం మీద పోసుకుంటే ఉన్నంత హాయి మరి దేనికీ లేదు. అమ్మ రెండు ఇడ్లీలు పెట్టింది, మజ్జిగా కొబ్బరినీళ్ళూ తాగుతూ ఉన్నాను. ఖాళీ కడుపుతో ఉంటే తర్వాత తోయడానికి ఒంట్లో సత్తువ ఉండదు. ఇబ్బందులేవీ లేని కాన్పులో నొప్పులప్పుడు తినొచ్చు, తాగొచ్చు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల్లోనే ఉంది. మీ ఆసుపత్రి ఏమంటుందో అడిగి పెట్టుకోండి.

తెల్లారి ఆసుపత్రికి వెళ్తే గర్భసంచి ముఖద్వారం మూడు సెంటీమీటర్లే తెరుచుకుందన్నారు. రాత్రంతా నిద్ర లేదు, అయినా మూడే! అమ్మ ముఖం పడిపోయింది. ఇక్కడే చాలామంది ధైర్యం పోతుంది, అందుకే ఈ లెక్క ముందే తెలుసుకోండి. అసలు జోరు అయిదు సెంటీమీటర్ల దగ్గర నుంచి మొదలవుతుంది, అంతకు ముందు దశ ఒక్కొక్కరికి ఒక్కోలా సాగుతుంది. అయిదు నుంచి పూర్తిగా పది తెరుచుకోవడానికి మొదటి కాన్పులో పన్నెండు గంటల దాకా పట్టొచ్చు. గంటకో సెంటీమీటరు చొప్పున తెరుచుకుని తీరాలనే పాత కొలత అందరికీ సరిపోదని ఆ 2018 సూచనలే చెప్పాయి. బిడ్డ గుండె చప్పుడు బాగుండి, తల్లి బాగుంటే, నెమ్మదిగా సాగడం ఒక్కటే కడుపు కోయడానికి కారణం కాదు.

పడుకోవడం నావల్ల కాలేదు. వెల్లకిలా ఉంటే ప్రతి నొప్పీ రెట్టింపు అయ్యేది. బిడ్డ గుండె చప్పుడు చూసే సీటీజీ పట్టీలు కట్టినప్పుడు తప్ప వరండాలో నడిచాను, కిటికీ చువ్వలు పట్టుకుని ముందుకు వంగి నిలబడ్డాను, కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుని దాని వీపు మీద తల పెట్టుకున్నాను. నిటారుగా ఉంటే బిడ్డ తల కిందికి దిగడానికి బరువు కలిసొస్తుంది, నొప్పుల కాలం కూడా కాస్త తగ్గుతుంది. మీ ఆసుపత్రిలో నడవనిస్తారా అన్నది నా దృష్టిలో ఎపిడ్యూరల్ ఉందా అన్నంత ముఖ్యమైన ప్రశ్న.

పిన్నినే ఎందుకు తీసుకెళ్ళానంటే, మా అమ్మ నా కళ్ళల్లో నీళ్ళు చూస్తే తనే కూలబడిపోతుంది. పిన్నిది టెక్కలి, ఇద్దరు పిల్లల్నీ మామూలు కాన్పులోనే కంది, మనిషి నిదానం. నడుం కింద, పిరుదుల పైన ఉండే ఎముక మీద అరచేతి అడుగుతో నొప్పి వచ్చినంతసేపూ గట్టిగా నొక్కిపట్టేది. అది ఎంత ఉపశమనమో రాసి చెప్పలేను. ఒక్కో నొప్పి తగ్గగానే "ఇదొకటి అయిపోనాది, ఇంక రాదు" అనేది. నేను పళ్ళు బిగబడితే "ఏటీ ఆలోచించకు తల్లీ, ఊపిరి ఒగ్గేయ్" అనేది. దవడ బిగిస్తే కింద కండరాలు కూడా బిగుసుకుంటాయని సిస్టర్ చెప్పింది. నోరు తెరిచి, లోగొంతుతో మూలుగుతూ గాలి వదిలితే నిజంగానే తేడా తెలిసింది. ఇది ముందునుంచీ రోజూ మీరూ, మీతో లోపలికి వచ్చే మనిషీ కూర్చుని సాధన చేయండి, అప్పటికప్పుడు నేర్చుకునేది కాదు.

మీవారి సంగతి. సర్కారు ఆసుపత్రుల్లో కాన్పు గదిలో తోడుగా ఒకరిని ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. కాన్పు అనుభవం ఉన్న ఆడమనిషై ఉండాలి, తెరలూ మరుగూ సరిగ్గా ఉన్నచోట భర్తను కూడా రానివ్వొచ్చు. కేజీహెచ్, ఘోషాసుపత్రి లాంటి చోట్ల రద్దీని బట్టి ఎంతవరకు కుదురుతుందో అక్కడే కనుక్కోవాలి. ప్రైవేటులో ఎవరి పద్ధతి వాళ్ళది, కాబట్టి వచ్చే చెకప్‌లోనే అడగండి. రానిస్తామంటే, మీవారు రక్తం చూస్తే కళ్ళు తిరిగే మనిషా కాదా అన్నది కూడా ఆలోచించండి. ప్రేమ ఒకటే సరిపోదక్కడ, నిబ్బరం ఉండాలి. మా ఆయన బయటే ఉన్నారు, అలా ఉండటమే ఇద్దరికీ మంచిదైంది.

ఇప్పుడు చెప్పేది మీరూ, మీతో లోపలికి వచ్చే మనిషీ ఇద్దరూ గుర్తుపెట్టుకోవాలి. మధ్యాహ్నం దాటాక ఒక దశలో నాకు ఒళ్ళంతా వణుకు పుట్టింది, వాంతి అయింది, నొప్పికీ నొప్పికీ మధ్య ఖాళీ లేకుండా పోయింది. "నా వల్ల కాదు, కోసేయండి" అని అరిచాను, మనస్ఫూర్తిగానే అడిగాను. డాక్టరమ్మ వచ్చి చూసి తొమ్మిది సెంటీమీటర్లు వచ్చింది, బిడ్డ చక్కగా ఉంది, ఇంకాసేపే అన్నారు. ఎనిమిదికీ పదికీ మధ్య చాలామందికి సరిగ్గా ఇలాగే అవుతుంది. ఇక భరించలేను అనిపించే ఆ సమయమే చివరికి దగ్గరపడ్డ సమయం. లోపలున్న మనిషికి ఇది తెలియకపోతే బయటకు పరిగెత్తి "పిల్ల చచ్చిపోయేలా ఉంది, ఆపరేషన్ చేయించండి" అని ఇంటిల్లిపాదినీ కంగారు పెడుతుంది. మన రాష్ట్రంలో నూటికి నలభై రెండు కాన్పులు ఆపరేషన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. వాటిలో తప్పనిసరైనవి చాలా ఉంటాయి. ఈ కంగారులోంచి పుట్టినవీ కొన్ని ఉంటాయని నా నమ్మకం.

తోయడం మొదలయ్యాక నొప్పి తీరు మారింది. అంతవరకు నా మీద పడుతున్నది ఒక్కసారిగా నేను చేసే పని అయింది. తల బయటకు వచ్చేటప్పుడు చుట్టూ మంటలా ఉంటుంది. అప్పుడు తోయడం ఆపి చిన్నచిన్నగా ఊపిరి వదలమంటారు, ఆ మాట వింటే చీలిక తగ్గుతుంది. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ అక్కడ అద్దితే కూడా మంచిది, అడగండి. మొదటి కాన్పు అనగానే అందరికీ కోత పెట్టాల్సిన పని లేదు, అవసరమైతేనే. నాకు చిన్న చీలిక వచ్చి కొన్ని కుట్లు పడ్డాయి. కుట్లేసేముందు అక్కడ తిమ్మిరి సూది ఇవ్వాలి. ఎపిడ్యూరల్ లేదు కదా అని ఆ సూది కూడా ఎగ్గొడితే ఊరుకోకండి, మీతో ఉన్నవాళ్ళ చేత అడిగించండి. అరిచినందుకు కసిరినా అంతే. కాన్పు గదిలో తల్లిని గౌరవంగా చూడాలన్నది సర్కారు ఆసుపత్రుల కాన్పు గదుల్ని మెరుగుపరచడానికి కేంద్రం 2017లో మొదలుపెట్టిన లక్ష్య పథకంలో ఒక ముఖ్యమైన భాగం.

ఆపరేషన్ ముందే అడగడం గురించి నా అభిప్రాయం: భయం కోసం వద్దు. అది పెద్ద కోత, నొప్పి కాన్పు తర్వాత మొదలవుతుంది, రెండో కాన్పు మీద కూడా దాని ప్రభావం ఉంటుంది. భయం మరీ నిద్ర పట్టనివ్వనంత ఉంటే ఎపిడ్యూరల్ ఇచ్చే ఆసుపత్రికి మారడం దానికన్నా మేలు. ఎపిడ్యూరల్ వల్ల జీవితాంతం నడుంనొప్పి అనే మాట మా వీధిలో ప్రతి ఇంట్లోనూ విన్నాను, అది నిజం కాదు. దానివల్ల ఆపరేషన్లు పెరగవని కూడా పరిశోధనలు చెప్తున్నాయి, తోసే దశ కొంచెం సాగవచ్చు అంతే. మా అప్ప, అంటే అక్క, ఎపిడ్యూరల్ తీసుకుంది, హాయిగా కనింది. "మందు లేకుండా కన్నావు, నువ్వే అసలైన ఆడదానివి" అని ఒక బంధువు నన్ను మెచ్చుకుంటే అప్ప ఎదురుగానే వద్దన్నాను. ఇద్దరం కన్నది బిడ్డనే.

ఒకవేళ నొప్పులు రావడానికి జెల్ పెట్టినా, ఆక్సిటోసిన్ డ్రిప్ ఎక్కించినా, నొప్పులు తొందరగా ఉద్ధృతమవుతాయి, మధ్య ఖాళీలు చిన్నవవుతాయి. నాకా అవసరం రాలేదు కాబట్టి నా అనుభవం దానికి సరిపోదు. అలాంటప్పుడు ఇవ్వడానికి మీ ఆసుపత్రిలో ఏమున్నాయో, పీల్చే గ్యాస్ ఉందా, నొప్పి తగ్గించే ఇంజెక్షన్లు ఏవి, ఇప్పుడే అడిగి రాసుకోండి.

బయల్దేరే వేళ గురించి ఒక మాట. గాజువాక నుంచి సిటీలోకి అంటే స్టీల్‌ప్లాంట్ షిఫ్టు మారే టైముల్లో, ఎన్‌ఏడీ జంక్షన్ వైపు రద్దీలో ఇరుక్కుంటారు. అయిదు నిమిషాలకోసారి, నిమిషం పాటు ఉండే నొప్పులు ఒక గంట వరసగా వస్తే బయల్దేరమని మామూలుగా చెప్తారు. మీకు దూరం కాబట్టి ఇంకాస్త ముందే బయల్దేరండి, ఎప్పుడన్నది డాక్టరుతో మాట్లాడుకోండి. నొప్పులున్నా లేకపోయినా, ఉమ్మనీరు పోయినా, అది ఆకుపచ్చగా ఉన్నా, రక్తం పోతున్నా, బిడ్డ కదలికలు తగ్గినట్టనిపించినా, తలనొప్పితో కళ్ళు మసకబారినా క్షణం ఆగొద్దు. బండి దొరక్కపోతే 108కి చేయండి. ఆసుపత్రికి తీసుకెళ్ళే సంచీ ఇప్పుడే సర్ది గుమ్మం దగ్గర పెట్టేయండి, చెకప్‌ల ఫైలు అందులోనే ఉండాలి. డాక్టరుని అడిగాక వాళ్ళేమన్నారో ఇక్కడే రాయండి, నాకు తెలిసినంతవరకు చెప్తాను.