న్యూరో ఫిజియోథెరపీ మసాజ్ కోర్సా?

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ సెకండియర్. వాళ్ల తాతయ్యకు పక్షవాతం వచ్చినప్పుడు ఇంటికొచ్చి ఎక్సర్‌సైజులు చేయించిన ఫిజియోథెరపిస్టును చూసి, తానూ న్యూరో రీహాబ్‌లోకే (మెదడు, నరాల జబ్బులవాళ్లకు చేసే ఫిజియోథెరపీలోకే) వెళ్తానంటోంది. బంధువులు ‘మసాజ్ కోర్సుకు లక్షలు పోస్తావా’ అంటున్నారు. చేర్పించమంటారా? - ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: చేర్పించండి. అయితే కోర్సు కన్నా కాలేజీ గురించే ఎక్కువ ఆలోచించండి. ఎందుకో చెప్తాను.

పక్షవాతం వచ్చినవారి చెయ్యి బిగుసుకుంటుంది, పార్కిన్సన్స్ (వణుకు జబ్బు) ఉన్నవారిదీ బిగుసుకుంటుంది. బయటివాళ్లకు రెండూ ఒకటే. ఫిజియోథెరపిస్టు మాత్రం ఆ మోచేతిని ఒకసారి మెల్లగా, ఇంకోసారి వేగంగా చాపి చూస్తారు. వేగం పెంచినకొద్దీ కండరం ఎదురు తిరిగితే స్పాస్టిసిటీ. ఎలా చాపినా బిగువు ఒకేలా ఉంటే, లేదా ఆగి ఆగి కదిలితే రిజిడిటీ. స్పాస్టిసిటీ ఎంతుందో చెప్పడానికి మాడిఫైడ్ యాష్‌వర్త్ స్కేల్ వాడతారు. 0 నుంచి 4 దాకా గ్రేడ్లు, 1కీ 2కీ మధ్య 1+ కూడా ఉంటుంది. అది 1987లో బొహానన్, స్మిత్ చేర్చింది. చదివితే తేలికే. కానీ ఒకే చేతికి ఒకరు 1+ ఇస్తే, పక్కనున్నవారు 2 ఇవ్వొచ్చు. వేగాన్ని ఈ స్కేల్ సరిగ్గా లెక్కలోకి తీసుకోదన్న విమర్శతో టార్డ్యూ అనే మరో స్కేల్ వాడేవాళ్లూ ఉన్నారు. కండరం బిగువు తగ్గడానికి డాక్టరు ఇచ్చిన బోటాక్స్ ఇంజెక్షన్ పనిచేసిందో లేదో తేల్చడానికి ఇలాంటి కొలతలే ఆధారం. మీ బంధువులకు ఈ సంగతి చెప్పండి!

ఈ పట్టు పుస్తకంతో రాదు, పదుల కొద్దీ పేషెంట్లను చేత్తో పట్టి చూడాలి. ఆసుపత్రి లేని కాలేజీలో చేరితే డిగ్రీ వస్తుంది, చెయ్యి తిరగదు. పంజాగుట్ట నిమ్స్‌లో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ), ఎంపీటీ (అందులో పీజీ) రెండూ ఉన్నాయి, సీటు దొరికితే మరో ఆలోచన వద్దు. మిగతా కాలేజీలకు వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ చూడండి. 2021 చట్టంతో ఫిజియోథెరపీ లాంటి అనుబంధ వైద్య కోర్సులకు జాతీయ కమిషన్ వచ్చాక కోర్సు కాలం, ప్రవేశ నిబంధనలు మారుతున్నాయి, పోయినేడాది సీనియర్ల మాట నమ్మకండి.

బీపీటీలో అన్నీ చదవాలి. న్యూరో స్పెషలైజేషన్ తర్వాత రెండేళ్ల ఎంపీటీలో. అప్పటిదాకా ఓపిక పట్టాలి. ప్రైవేటు ఆసుపత్రుల్లో మొదటి జీతాలు తక్కువే, దాచను. చాలామంది సాయంత్రాలు హోమ్ విజిట్లతో నెట్టుకొస్తారు.

ఫీజు కట్టే ముందు అమ్మాయిని తీసుకెళ్లి ఆ కాలేజీ ఫైనలియర్ పిల్లలతో మాట్లాడించండి. స్ట్రోక్ పేషెంట్లను స్వయంగా పరీక్షించనిస్తారా, దూరం నుంచి చూపించి పంపేస్తారా అని అడగమనండి. లెక్చరర్లు లేనప్పుడే అడగమనండి.