జోన్ మార్పు నిరాకరణపై హైకోర్టులో ఓడిన తర్వాత మళ్లీ సివిల్ దావా వేయవచ్చా?

ప్రశ్న: నల్లగొండ శివారులో, దేవరకొండ రోడ్డు వైపు, నాకూ మా తమ్ముడికీ ఉమ్మడి పట్టాగా 1 ఎకరం 20 గుంటల భూమి ఉంది. మాస్టర్ ప్లాన్‌లో అది వ్యవసాయ జోన్‌లో పడింది. నివాస జోన్‌కు మార్చమని ఇద్దరం సంతకాలు చేసి దరఖాస్తు పెట్టుకుంటే, కొంత భాగం చెరువు బఫర్‌లో, అంటే చెరువు చుట్టూ కట్టడాలు లేకుండా వదలవలసిన పట్టీలో, ఉందనీ, దారి వెడల్పు చాలదనీ తిరస్కరించారు. ఆ ఉత్తర్వును సవాలు చేస్తూ నేనొక్కడినే హైకోర్టులో రిట్ వేశాను. 2022లో కొట్టేశారు. అప్పీలుకు వెళ్లలేదు. మా పక్క భూమికి మాత్రం జోన్ మార్చారు; ఆ సంగతి రిట్‌లో రాయలేదు. ఇప్పుడు తమ్ముడి పేరుతో నల్లగొండ సివిల్ కోర్టులో డిక్లరేషన్ దావా (భూమి నివాస జోన్ అని కోర్టు ప్రకటించాలని కోరే దావా) వేస్తే నడుస్తుందని తెలిసినవారు చెబుతున్నారు. భూమికి నాలా (వ్యవసాయేతర మార్పిడి) కూడా అయింది. దావా వేయమంటారా?

జవాబు: వేయవద్దనే నా సలహా. ఎందుకో వివరంగా చెబుతాను.

మీరు జతచేసిన తీర్పు నకలు చదివాను. ఇటువంటి సందేహం వచ్చినప్పుడు నేను మొదట తిప్పేది తీర్పు చివరి పేజీ, ఎందుకంటే ‘రిట్ డిస్మిస్ అయింది’ అనే ఒక్క మాట కింద నాలుగైదు రకాల కొట్టివేతలు ఉంటాయి, వాటి ఫలితాలు ఒకదానికొకటి సంబంధం లేనంత వేరుగా ఉంటాయి. ‘ముందు వేరే అధికారి దగ్గర అప్పీలు చేసుకోండి’ అని పంపించినా, కారణమేదీ రాయకుండా ప్రవేశ దశలోనే ఒక్క వాక్యంతో ముగించినా, ఆ తగాదా తేలినట్టు కాదు. మీ తీర్పు అలాంటిది కాదు. ప్రభుత్వం వేసిన కౌంటర్ అఫిడవిట్‌నూ, నీటిపారుదల శాఖ ఇచ్చిన ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు) పటాన్నీ ప్రస్తావించి, తిరస్కరణకు చూపిన రెండు కారణాలూ సమంజసమేనని చెప్పి మరీ కొట్టివేశారు. గుణదోషాలు విచారించి ఇచ్చిన తీర్పు అంటే ఇదే.

అలా తేలిపోయిన విషయాన్ని అవే పక్షాల మధ్య మరో కోర్టు మళ్లీ విచారించరాదని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ సెక్షన్ చెబుతుంది. వకీళ్లు దీనినే రెస్ జుడికేటా అంటారు. అది దావాలకు సంబంధించిన సెక్షన్ కదా, నాది రిట్ కదా అని మీకు అనిపించవచ్చు. కోడ్‌లోని ఆ సెక్షన్ నేరుగా రిట్లకు వర్తించకపోయినా, దాని వెనుక ఉన్న సూత్రం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1961లోనే దర్యావ్ కేసులో తేల్చింది.

మీకు అచ్చంగా సరిపోయేది 1977 నాటి నవాబ్ హుస్సేన్ కేసు. ఉత్తరప్రదేశ్‌లో ఉద్యోగం పోయిన ఒక పోలీసు సబ్ఇన్‌స్పెక్టర్ తన వాదన చెప్పుకునే అవకాశం సరిగా ఇవ్వలేదంటూ మొదట హైకోర్టులో రిట్ వేసి ఓడిపోయాడు. ఆ తర్వాత సివిల్ కోర్టుకు వెళ్లి, తనను నియమించిన అధికారి కంటే కింది అధికారి తనను తొలగించాడు కనుక ఆ ఉత్తర్వు చెల్లదని కొత్త వాదనతో దావా వేశాడు. ఆ వాదనలో పస లేకపోలేదు. అయినా సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు: రిట్ వేసే నాటికే ఆ సంగతి నీకు తెలుసు, అప్పుడే చెప్పి ఉండవలసింది, చెప్పలేదు కనుక అది కూడా చెప్పి ఓడినట్టే లెక్క అన్నది. 11వ సెక్షన్ నాలుగో వివరణలోని మాట ఇదే. చెప్పగలిగీ, చెప్పవలసీ ఉండీ చెప్పని వాదన కూడా తీర్పులో కలిసిపోతుంది. అంతకుముందు 1965లో దేవీలాల్ మోదీ కేసులో ఒకే పన్ను ఉత్తర్వు మీద కొత్త కారణాలు వెతుక్కుని రెండోసారి రిట్ వేసినప్పుడూ ఇదే జరిగింది.

ఇప్పుడు మీ పక్క భూమి సంగతికి వద్దాం. ఆ జోన్ మార్పు ఉత్తర్వు ఏ తేదీది అన్నది మీ లేఖలో లేదు, కానీ సమస్యంతా ఆ తేదీలోనే ఉంది. మీ రిట్ నడుస్తుండగానో అంతకుముందో వచ్చి ఉంటే, ఆ వాదన పైన చెప్పిన నాలుగో వివరణ కిందికి వస్తుంది, దాని మీద ఇక ఆశ పెట్టుకోకండి. 2022 తర్వాత వచ్చి ఉంటే అది కొత్త సంగతే, రెస్ జుడికేటా దానికి అడ్డురాదు. కానీ అక్కడా మరో మెలిక ఉంది. ఆ భూమి కూడా మీ భూమిలాగే బఫర్‌లో ఉండి, దారి లేకుండా ఉండి, పొరపాటునో పలుకుబడితోనో మారి ఉంటే, ‘వాళ్లకు తప్పు చేశారు కనుక నాకూ అదే తప్పు చేయండి’ అని రాజ్యాంగంలో సమానత్వ హక్కు చెప్పే 14వ అధికరణం కింద అడగలేరు. 1995లో చండీగఢ్ పాలనా యంత్రాంగం, జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. అది చెరువుకు దూరంగా ఉండి, విశాలమైన దారి ఉండి మారి ఉంటే, ఆ భూమికీ మీ భూమికీ పోలికే లేదు.

తమ్ముడి పేరుతో వేయాలన్న ఆలోచన మన జిల్లాలో చాలామందికి వచ్చేదే. పేరు మారితే పక్షం మారినట్టు కాదు. దరఖాస్తు మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి, భూమి ఉమ్మడి పట్టా, మీరు రిట్‌లో అడిగింది మొత్తం 1 ఎకరం 20 గుంటలకూ. ఉమ్మడి హక్కు కోసం ఒకరు చిత్తశుద్ధితో పోరాడితే, ఆ హక్కులో వాటా ఉన్న మిగతావారు కూడా ఆ ఫలితానికి కట్టుబడి ఉంటారని అదే సెక్షన్ ఆరో వివరణ చెబుతుంది. రిట్‌కు ముందే మీరిద్దరూ పంచుకుని, తమ్ముడు తన భాగానికి విడిగా పాసుబుక్కు తీసుకుని, విడిగా దరఖాస్తు చేసి ఉంటే ఆలోచించదగ్గ సంగతి అయ్యేది. రేపు ఆ భూమి కొన్నవారిని సైతం ఈ తీర్పు వెంటాడుతుంది, ఎందుకంటే కొన్నవారు మీ ద్వారానే హక్కు పొందుతారు.

‘ముందు వేసి చూద్దాం, నంబరు పడితే పడుతుంది (కోర్టు దావాను నమోదు చేసుకుంటే చేసుకుంటుంది)’ అని మీకు ఎవరైనా చెబితే, ఆ మాటలో సగమే నిజం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 7వ ఆర్డరు 11వ రూలు కింద దావా పత్రాన్ని మొదట్లోనే తిరస్కరించే అధికారం కోర్టుకు ఉన్నా, రెస్ జుడికేటాను తేల్చాలంటే పాత కేసు కాగితాలన్నీ పరిశీలించాలి కనుక సాధారణంగా ఆ దశలో తేల్చరాదని 2021లో శ్రీహరి హనుమాన్‌దాస్ తోటాలా కేసులో సుప్రీంకోర్టు అన్నది. అంటే మీ దావాకు నంబరు పడవచ్చు, సమన్లు వెళ్లవచ్చు, ఇష్యూలు (కోర్టు తేల్చవలసిన వివాదాంశాలు) కూడా ఖరారు కావచ్చు. అది గెలుపుకు గుర్తు కాదు. ఓడేదాకా మీకు పట్టే కాలానికీ, ఫీజులకూ మాత్రమే గుర్తు. పైగా మాస్టర్ ప్లాన్‌లో మార్పు అనేది ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు పిలిచాక ప్రభుత్వం చేసే పని. ఫలానా భూమి నివాస జోన్ అని సివిల్ కోర్టు డిక్లేర్ చేసి ఇవ్వదు. పాత రిట్ సంగతి దాచి దావా వేయడం ఇంకా ప్రమాదం. అది బయటపడిన రోజు మిగతా వాదనలన్నీ పక్కకు పోయి, మీ నిజాయితీ మీదే విచారణ జరుగుతుంది.

అయితే ఏం చేయాలి? రిట్ అప్పీలుకు గడువు 30 రోజులు. సర్టిఫైడ్ నకలుకు పట్టిన రోజులు తీసేసినా, 2022 తీర్పు మీద ఇప్పుడు వెళ్లాలంటే ఆలస్యాన్ని మన్నించమని రోజురోజుకూ సంజాయిషీ చెప్పుకోవాలి, మీ లేఖలో అందుకు తగిన కారణం నాకు కనబడలేదు. మరి పాత దరఖాస్తునే తేదీ మార్చి మళ్లీ పెట్టి, వాళ్లు మళ్లీ తిరస్కరిస్తే కొత్త వ్యాజ్య కారణం (కోర్టుకు వెళ్లేందుకు కొత్త ఆధారం) పుడుతుందని కొందరు అనుకుంటారు. పుట్టదు. పాత తగాదా మీద మళ్లీ మళ్లీ వినతిపత్రాలు పెట్టుకున్నంత మాత్రాన దానికి కొత్త ప్రాణం రాదని 2008లో సి. జాకబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మార్గం ఉన్నది వేరేచోట. మీ తిరస్కరణకు కారణాలు రెండు, ఆ రెండూ మారగలిగేవే. మన రాష్ట్ర భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, ఆ పైబడిన చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకు చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. మీ చెరువు ఏ కోవలోకి వస్తుందో, మీ ఒడ్డు మీద ఎఫ్‌టీఎల్ రాయి ఎక్కడ పాతారో మీ దగ్గర కాగితమేమీ లేదు. రిట్‌లోనూ దాఖలు చేయలేదు. నీటిపారుదల, రెవెన్యూ శాఖలతో ఉమ్మడి సర్వే చేయించి, బఫర్‌లో ఎన్ని గుంటలు పోతాయో పటం తీసుకోండి. ఆ గుంటలు వదిలేసి మిగిలిన భూమికే అడగండి. దారి కోసం ముందున్న రైతు దగ్గర కావలసిన వెడల్పు రిజిస్టర్డ్ దస్తావేజుతో కొనండి. తెల్ల కాగితం మీద ఒప్పుకోలు పనికిరాదు. అప్పుడు మీరు పెట్టేది వేరే విస్తీర్ణానికి, వేరే దారితో, వేరే పటంతో కొత్త దరఖాస్తు అవుతుంది. దాన్ని తిరస్కరిస్తే ఆ తిరస్కరణ మీద రిట్ వేసుకోవచ్చు, 2022 తీర్పు అడ్డురాదు. మాస్టర్ ప్లాన్‌నే ప్రభుత్వం సవరించినా అంతే, చట్టమో పరిస్థితో మారిన చోట పాత తీర్పు కట్టిపడేయదు.

నాలా గురించి ఒక మాట. నాలా అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరానికి వాడుకోవడానికి రెవెన్యూ వాళ్లు 2006 నాటి చట్టం కింద ఇచ్చే మార్పిడి. దానితో మాస్టర్ ప్లాన్‌లో జోన్ మారదు. ఆ ప్రొసీడింగ్స్ చూపించి ప్లాట్లు అమ్మితే కొన్నవారికి ఇంటి పర్మిషన్ రాక, వాళ్లు మీ మీద కేసులు పెడతారు.

కొత్త దరఖాస్తులో పాత తిరస్కరణనూ, రిట్ నంబరునూ, తీర్పు తేదీనీ మీరే రాసి, నకలు జతచేయండి. ఆ కింద, అప్పటికీ ఇప్పటికీ ఏమేం మారిందో సర్వే పటం తేదీతో, దస్తావేజు నంబరుతో ఒక పేరాలో చెప్పండి. తమ్ముడి సంతకం కూడా పెట్టించండి.