ట్రాక్ కారుకి హబ్ రింగులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నా కారు హబ్ (చక్రం బిగించే చోట మధ్యలో పొడుచుకొచ్చిన గుండ్రటి భాగం) 64.1 మి.మీ., కొత్త అల్లాయ్ వీల్స్ సెంటర్ బోర్ (అది దూరే నడిమి రంధ్రం) 73.1. ఆ సందు నింపడానికి వీల్స్‌తో పాటు వచ్చిన ప్లాస్టిక్ హబ్ రింగులు ట్రాక్ మీద తిప్పాక ముందు చక్రాల దగ్గర మెత్తబడి హబ్‌కి అతుక్కుపోయాయి. అల్యూమినియంవి కొందామంటే అవి పట్టేసి వీల్ ఊడి రాదని భయపెడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: అల్యూమినియంవే కొనండి, ముందు చక్రాలకైతే తప్పకుండా. ప్లాస్టిక్ రింగుల్లో మెరుగైనవి పాలీకార్బొనేట్‌వి. అవి కూడా 145 డిగ్రీలు దాటితే బిగువు కోల్పోతాయి. ఏబీఎస్ అనే మరో రకం ప్లాస్టిక్ రింగులు 100 డిగ్రీల చుట్టుపక్కలే లొంగిపోతాయి. రోడ్డు మీద మామూలుగా ఈ ఇబ్బంది రాదు. ట్రాక్ మీద వరసగా గట్టి బ్రేకులు పడితే బ్రేకు డిస్క్ 500 డిగ్రీలు దాటడం మామూలే. పరుగు ఆపి, చల్లారే ల్యాపు వేయకుండా నేరుగా నిలిపేస్తే ఇంకా చేటు: గాలి తగలదు కనుక డిస్క్‌లో ఉన్న వేడి హబ్‌లోకి పాకుతుంది.

రింగు కరిగిందంటే చక్రం ఊడిపోతుందని చాలామంది అనుకుంటారు. బరువు మోసేది రింగు కాదు. నట్ల బిగింపుకి వీల్ వెనక ముఖం డిస్క్‌ని హబ్‌కి అదిమి పడుతుంది, ఆ ఒరిపిడే కారు బరువునీ బ్రేకు బలాన్నీ మోస్తుంది. నట్లు బిగించేంతసేపు వీల్‌ని నడిమధ్యన నిలబెట్టడమే రింగు పని. కరిగిన రింగుతో ముప్పు తర్వాత వస్తుంది. హబ్ అంచు మొదట్లో పల్చని ప్లాస్టిక్ పొర మిగిలిపోతుంది, మళ్ళీ ఎక్కించిన వీల్ దాని మీద ఆనుతుంది. టార్క్ రెంచ్ (అనుకున్న బిగుతు రాగానే క్లిక్‌మనే పానా) యథాప్రకారం క్లిక్‌మంటుంది. కారు వేడెక్కి ఆ పొర నలిగాక నట్లు వదులవుతాయి. కాబట్టి కొత్త రింగులు తొడిగే ముందు ఆ మూలని వైర్ బ్రష్‌తో లోహం కనబడేదాకా రుద్దండి.

అల్యూమినియం రింగు పట్టేస్తుందన్న మాటా అబద్ధం కాదు. ఉక్కు హబ్, అల్యూమినియం రింగు, మధ్యలో తడి ఉంటే తెల్లటి పొడి పేరుకుని బిగుసుకుంటుంది. రింగు లోపలి అంచుకి యాంటీసీజ్ (లోహాలు పట్టేయకుండా రాసే జిడ్డు ముద్ద) పల్చగా, వేలితో తుడిచేసినంత మాత్రం రాస్తే చాలు. స్టడ్‌లకి (నట్లు ఎక్కే బోల్టులకి), వీల్ ఆనే ముఖానికి అంటనివ్వొద్దు. థ్రెడ్‌కి జిడ్డు తగిలితే అదే టార్క్‌కి స్టడ్ మరింత సాగుతుంది. వేడిలో అల్యూమినియం ఉక్కు కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. 64 మి.మీ. వ్యాసానికి 100 డిగ్రీల పెరుగుదలకి తేడా దాదాపు 0.07 మి.మీ. అంటే వేడికి రింగు హబ్ మీద వదులై, చల్లారితే మళ్ళీ బిగుస్తుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు చేత్తో నొక్కితే హబ్ మీదికి జారే రింగు కావాలి, సుత్తి అడిగేది వద్దు.

ప్రశ్న: కొలతలు సరిపోయిన రింగే కొన్నాను. వీల్‌లో పెడితే దాని అంచు కొద్దిగా బయటికి పొడుచుకొస్తోంది. పర్లేదా?

జవాబు: పర్లేదు అనకండి, అలా నడపకండి. అంచు ఉన్న రింగులు వీల్ వెనక రంధ్రం చుట్టూ ఏటవాలుగా కోసిన చాంఫర్‌లో కూర్చోవాలి. మీ వీల్‌కి చాంఫర్ లేదు, లేదా చిన్నది. స్కేలుని వీల్ ముఖం మీద అడ్డంగా పెట్టి చూడండి, రింగు స్కేలుని తాకకూడదు. తాకితే అంచు లేని రింగు తీసుకోండి. పెట్టె మీది అంకెని నమ్మకుండా హబ్‌నీ బోర్‌నీ మూడేసి చోట్ల వెర్నియర్‌తో కొలవండి. తుప్పు పొర మీద కొలిస్తే హబ్ అంకె పెద్దదిగా వస్తుంది, కాబట్టి శుభ్రం చేశాకే కొలవాలి.

స్పేసర్ (వీల్‌ని బయటికి జరపడానికి హబ్‌కీ వీల్‌కీ మధ్య పెట్టే బిళ్ళ) ఉంటే ఇంకో లెక్క. 5 మి.మీ. స్పేసర్ హబ్ అంచులో 5 మి.మీ. మింగేస్తుంది, రింగు పట్టుకోవడానికి ఏమీ మిగలకపోవచ్చు. అప్పుడు తనకే అంచు ఉన్న స్పేసర్ కావాలి. నట్టు కూడా స్టడ్ వ్యాసమంత లోతు ఎక్కాలి: 12×1.5 స్టడ్‌కి (వ్యాసం 12 మి.మీ., ఒక చుట్టుకి 1.5 మి.మీ.) కనీసం 8 చుట్లు.

ప్రశ్న: రింగులు వేసినా వణుకు తగ్గలేదు.

జవాబు: బ్రేకు వేసినప్పుడే వణికితే డిస్క్‌ని చూడండి, రింగుకి సంబంధం లేదు. ఒకే వేగంలో స్థిరంగా వెళ్తుంటే వణికితే, మొదట బిగింపు సరిచూడండి. చక్రం గాలిలో ఉండగానే నట్లన్నీ చేత్తో, నక్షత్రం వరసలో (పక్కది కాకుండా ఎదురుగా ఉన్నది) బిగించి, నేలకి దించాక కారు మాన్యువల్‌లోని టార్క్‌కి రెండు మూడు విడతల్లో తీసుకెళ్ళాలి. అప్పటికీ పోకపోతే టైరుకి అంటుకున్న రబ్బరు ముద్దలు, రిమ్ లోపల చేరిన మట్టి చూడండి. టైరు రిమ్ మీద జారినా బ్యాలెన్స్ పోతుంది: టైరుకీ రిమ్‌కీ కలిపి సుద్దతో ఒక గీత గీసి, పరుగు అయ్యాక చూడండి. గీత రెండుగా విడిపోయి ఉంటే బ్యాలెన్సింగ్ మళ్ళీ చేయించాలి.