చెర్రీ మొక్క తెప్పిస్తున్నావట

చిత్తూరు,
ఆదివారం

అమ్మడూ,

చెర్రీ మొక్క తెప్పిస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. జపాన్‌లో మూడేళ్ళుండి, తిరుపతిలో సొంతిల్లు కట్టుకుని, ఇంకా గేటైనా పెట్టకముందే చెట్టు మాట ఎత్తావు చూడు, మా నాన్న మనవరాలివనిపించావు. ఆ వెంటనే టెన్షన్ పట్టుకుంది.

గుంత రెండడుగులు చాలు. పచ్చి పేడ వెయ్యొద్దు. పడమటి ఎండ తగలకుండా ఇంటికి తూర్పున పెట్టు. చెద చూసుకో. ఇవి నర్సరీవాళ్ళూ చెప్తారు.

పెళ్ళైన కొత్తలో నేను ఊటీ నుంచి ప్లమ్ అంటు తెచ్చాను. చెర్రీకి దాయాదే అది. అంటు కట్టిన చోటు మునిగేదాకా మట్టి ఎగదోసి, రోజూ సాయంత్రం రెండు బిందెలు పోసేదాన్ని. ఆకులు వాలితే ఇంకో బిందె. మీ మామయ్య ఒక్క చెంబైనా పొయ్యరని తెగ సాధించేదాన్ని. ఆయన నోరు విప్పితేనా! ముందు కాండం మీద బంక కారింది, వేపబంకలాగా. ఒకరోజు గోటితో గీరితే బెరడు తడిసిన అట్టలా ఊడొచ్చింది. లోపలంతా గోధుమరంగు, పులిసిన వాసన. అప్పుడు చెప్పారు మహానుభావుడు, తెల్లారుజామున లేచి తనూ రెండు బిందెలు పోస్తున్నానని. నేను మర్చిపోతానేమోనట! ఇద్దరం కలిసి చంపాం దాన్ని.

అందుకే చెప్తున్నా, అంటు ముడి నేలకు పైనే ఉండాలి. వేలు రెండు కణుపుల లోతు దించి, మట్టి పొడిగా తగిలితేనే నీళ్ళు పొయ్యి. పోసేది ఒక్కరే. మీ ఆయనతో ముందే మాట్లాడుకో.

ఇంకోటి, కోపం తెచ్చుకోకు. చెర్రీ సరిగ్గా పూయాలంటే 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు తగలాలి. మన తిరుపతిలో ధనుర్మాసం తెల్లారుజామునైనా అంత చలి ఎక్కడిది? షిల్లాంగ్‌లో నవంబరులో పూసే హిమాలయ చెర్రీ కూడా కొండ చలికి అలవాటుపడ్డదే. నీది బతికి ఆకులేస్తే సంతోషించు. పాపకు గులాబీరంగు పూలు చూపించాలంటే కొంచెం ఎడంగా టబేబుయా పెట్టు. ఆకు రాల్చి, ఎండలు ముదిరేలోపు ఒళ్ళంతా పూస్తుంది, బెంగుళూరు రోడ్ల మీద చూశావుగా.

ఆ ప్లమ్ గుంతలోనే తర్వాత మీ మామయ్య కరివేపాకు నాటారు. ఆయన పోయాక కూడా దానికి బిందె ఎత్తాలంటే నాకు చెయ్యి రాదు, వానలకే బతుకుతోంది. సంక్రాంతికి వస్తూ రెండు రెమ్మలు తెస్తాను.

మీ అత్త